పుస్తకంలో లేని వాక్యం

2012 వేసవి. రాష్ట్రమంతా కరెంటు కోతలు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కూతురు రెండ్రోజులు సెలవు పెట్టి తెనాలిలో పుట్టింటికొచ్చింది. స్నానం చేసి, దేవుడికి దణ్ణం పెట్టుకుందామని పూజగదిలోకి వెళ్లబోతూ గుమ్మంలోనే ఆగిపోయింది. దేవుడి మందిరం కింద కొత్త ఇన్వర్టరు, పక్కనే బ్యాటరీ. వాటికి కాస్త పైన దీపం వెలుగుతోంది. ఆ గదికి కిటికీ కూడా లేదు.

“ఇక్కడ పెట్టించావేంటమ్మా?”

“పిల్లలు ముట్టుకోకుండా ఉంటుందనీ... పుస్తకం మొత్తం చదివాకే పెట్టించానే. ఇలా వద్దని అందులో ఎక్కడా లేదు.”

ఆమెకు నోట మాట రాలేదు. ఎందుకంటే ఆ పుస్తకం రాసింది తనే. అమ్మాయి పనిచేసే కంపెనీదని ఏరికోరి కొన్నారు మరి.

ఆమె టెక్నికల్ రైటర్. “అంటే కథలు రాస్తావా?” అని అడిగే బంధువులకు ఆమె పెళ్లి శుభలేఖను ఉదాహరణగా చెబుతుంది. ముహూర్తం, కల్యాణ మంటపం రెండు వైపుల వాళ్లకీ ఒకటే. ఆహ్వానించే పెద్దల పేర్లు మాత్రం మారతాయి. ఇన్వర్టరు పుస్తకాలూ అంతే. ఎర్ర వైరు ప్లస్‌కి బిగించాలన్నది ఏ మోడల్‌కైనా ఒకటే. డిస్టిల్డ్ వాటర్ పోయడం మాత్రం ట్యూబులర్ బ్యాటరీకే. సీల్డ్ బ్యాటరీ మూత అసలు తెరవకూడదు.

ఆరు మోడళ్లకు ఆరు పుస్తకాలు విడివిడిగా రాస్తే, ఎక్కడైనా ఒక మాట మార్చాల్సి వచ్చినప్పుడు ఆరుచోట్లా మార్చాలి. ఎక్కడో ఒకచోట మర్చిపోవడం ఖాయం. అందుకే అన్నిటికీ కలిపి ఒకే ఫైలు. ఆమె వాడేది ఫ్రేమ్‌మేకర్ సాఫ్ట్‌వేర్. ట్యూబులర్‌కి మాత్రమే చెందిన వాక్యాలకు ఆకుపచ్చ ట్యాగ్, సీల్డ్‌వాటికి నీలం ట్యాగ్. ఏ ట్యాగూ లేకపోతే అది అందరిదీ. సీల్డ్ మోడల్ పుస్తకం కావాలంటే ఆకుపచ్చవాటిని దాచేస్తే సరి. మధ్యలో ఖాళీ కూడా మిగలదు. కింది వాక్యం పైకి జరిగి కూర్చుంటుంది. అందరికీ చెందిన వాక్యాన్ని తెలుగులోకో హిందీలోకో ఒక్కసారి అనువదిస్తే ఆరు పుస్తకాలకూ సరిపోతుంది.

ఇలాంటి అవసరం ఒక్క ఇన్వర్టర్లకే కాదు. ఐబీఎం రూపొందించిన ‘డిటా’ అనే పద్ధతిని 2005లో ‘ఒయాసిస్’ సంస్థ ప్రమాణంగా ఆమోదించింది. అందులోనూ సూత్రం ఇదే. ఒకసారి రాయాలి, కావలసిన ప్రతిచోటా వాడుకోవాలి.

సౌకర్యం ఎక్కడుందో ప్రమాదమూ అక్కడే ఉంది. ఒకచోట దిద్దితే అన్నిచోట్లా ఒప్పయినట్టే, ఒకచోట తప్పు చేస్తే అన్నిచోట్లా తప్పే.

ఆ రాత్రి ల్యాప్‌టాప్ తెరిచి చూసుకుంది. బ్యాటరీలో నీళ్లు పోసే పేరాకి ఆకుపచ్చ ట్యాగ్ పెట్టేటప్పుడు మౌస్ ఒక్క వాక్యం కిందికి జారింది. ‘ఛార్జింగ్ సమయంలో మండే వాయువు వెలువడవచ్చు. గాలి ఆడేచోట, నిప్పుకు దూరంగా ఉంచండి’ అన్న హెచ్చరికా పచ్చబడింది. సీల్డ్ బ్యాటరీలో మామూలుగా ఆ వాయువు లోపలే తిరిగి నీరవుతుంది. ఛార్జింగ్ మితిమీరితే మాత్రం వాల్వు తెరుచుకుని హైడ్రోజన్ బయటికొస్తుంది. కాబట్టి ఆ హెచ్చరిక రెండిటికీ కావాలి. సీల్డ్ పుస్తకాల్లో అది ఏ భాషలోనూ లేకుండా పోయింది.

ప్రూఫ్ చూసినవాళ్లు ముగ్గురు. ట్యూబులర్ పుస్తకాన్ని అక్షరం అక్షరం చదివారు. మిగతావి ‘అదే కదా’ అని పైపైన తిరగేశారు. ఉన్న తప్పయితే కంటికి తగులుతుంది. లేని వాక్యం ఎవరికి కనిపిస్తుంది?

మర్నాడు పొద్దున్నే మెకానిక్‌ని పిలిపించి బ్యాటరీని వెనక వసారాలోకి మార్పించింది. తర్వాత పై అధికారికి ఫోన్ చేసింది. తప్పు తనదేనని ముందే ఒప్పేసుకుంది. గోడౌన్‌లో ఉన్న పెట్టెల్లో సవరణ చీటీలు పెట్టించారు. అమ్ముడుపోయినవాటి కోసం డీలర్లకు ఉత్తరాలు వెళ్లాయి.

అప్పట్నుంచి ఆమె రెండు నియమాలు పెట్టుకుంది. ప్రాణానికి సంబంధించిన హెచ్చరికకు, మరొకరు చూసి సరేనంటే తప్ప, ఏ ట్యాగూ పెట్టదు. ఇక ఫైలు ఒకటే అయినా, అచ్చుకెళ్లే ముందు ప్రతి పుస్తకాన్నీ మొదటి పేజీ నుంచి చివరిదాకా విడిగా చదువుతుంది. ఆరు పుస్తకాలు ఒకేసారి తనకు కనిపిస్తాయేగానీ, కొన్నవాళ్ల ఇంట్లో ఉండేది ఒక్కటే. వాళ్లకు అదే పూర్తి పుస్తకం.

నెల తర్వాత తెనాలి ఇంటికీ ఒక సవరణ చీటీ వచ్చింది. అమ్మ కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది. నాలుగు అన్నం మెతుకులు మెదిపి, ఆ చీటీని పుస్తకంలో ఉండాల్సిన పేజీలోనే అంటించింది.

“ఇప్పుడు పూర్తయిందే నీ పుస్తకం” అంది ఫోన్‌లో.