అమ్మ గది

మా అమ్మ పోయి ఏడాది నిండాక మేమిద్దరం అరుణాచలం వెళ్లాం. బెంగళూరు నుంచి కృష్ణగిరి మీదుగా సుమారు 200 కిలోమీటర్లు. ముప్పై ఏళ్లుగా ఈ ఊళ్లో ఉంటూ, "ఎంత దూరం, ఎప్పుడైనా వెళ్లొచ్చు" అనుకుంటూనే గడిపేశాం.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. మాది రెండు గదుల ఫ్లాట్. చివరి రెండేళ్లు అమ్మ లోపలి గదిలో మంచం పట్టింది. చాకిరీ అంతా మా ఆవిడదే. నేను ఆడిట్ అనీ, మార్చి క్లోజింగ్ అనీ తప్పించుకు తిరిగినవాణ్ణి. అమ్మ పోయాక ఆ గది తలుపు వేసేశాం. విరిగిన కుర్చీలు, పాత పేపర్లు అందులో చేరాయి. నాకు నిద్ర తగ్గింది, బీపీ పెరిగింది. మాత్రలు వేసుకుంటూనే రోజూ కాసేపు ప్రశాంతంగా కూర్చోమన్నారు డాక్టరుగారు. ఎక్కడ కూర్చోను? హాల్లో టీవీ, వంటింట్లో మిక్సీ!

రమణాశ్రమం వెనుకనుంచి రాతిబాట పట్టి కొండ ఎక్కాం. రమణులు 1896లో పదహారేళ్ల వయసులో తిరువణ్ణామలై చేరారు. 1899 నుంచి 1916 దాకా విరూపాక్ష గుహలో, ఆ తరువాత 1922 దాకా స్కందాశ్రమంలో ఉన్నారు. మన కావ్యకంఠ గణపతిముని 1907లో ఆయన్ని ఆశ్రయించి, 'రమణ మహర్షి' అన్న పేరు లోకానికిచ్చారు. చలంగారు కూడా 1950లో అరుణాచలం వచ్చి, 1979లో కన్నుమూసేదాకా అక్కడే ఉన్నారు.

గుహ నేననుకున్నంత పెద్దదేమీ కాదు. విరూపాక్షదేవుల సమాధి, దీపం, నేలమీద కూర్చునే చోటు. అంతే. ధ్యానానికి ఇంతకన్నా ఏం కావాలి అనిపించింది.

స్కందాశ్రమంలో ఆయన తల్లి అళగమ్మగారు తనువు చాలించిన గది ఉంది. 1922 మే 19న, చివరి ఘడియల్లో, ఆయన ఒక చెయ్యి ఆమె గుండెమీద, ఒక చెయ్యి తలమీద ఉంచి పక్కనే కూర్చున్నారట. కొండకింద ఆమె సమాధి చుట్టూనే నేటి ఆశ్రమం వెలిసింది. ఇల్లు విడిచి వచ్చినాయన తల్లి పక్కన కూర్చున్నారు. ఇంట్లోనే ఉన్న నేను కూర్చోలేదు. నా కళ్లు చూసి మా ఆవిడ మెల్లగా అంది: "వెళ్లాక ఆ గది తెరుద్దామండీ."

ఆ ఆదివారమే పాత సామాను తీసేశాం. గోడలకు సున్నం వేయించాం. మంచం ఒక వృద్ధాశ్రమానికిచ్చాం. మంచమున్న చోట, తూర్పు కిటికీ దగ్గర, ఒక చాప, పీట, చిన్న దీపం, అమ్మ రాగిచెంబు పెట్టాం. పెద్ద ఖర్చేమీ కాలేదు. నియమాలు మూడే: ఫోను గుమ్మం బయట, డబ్బు మాటలు లోపల కూడదు, ఒకరు కూర్చుంటే రెండోవారు పిలవకూడదు. దీపం కర్టెనుకు దూరంగా ఉండాలి, అగరొత్తి వెలిగిస్తే కిటికీ తెరవాలి.

తెల్లవారుజామున నేను, మధ్యాహ్నం ఆవిడ కూర్చుంటాం. ఒకరోజు బ్యాంకునుంచి పెందలాడే వస్తే ఆవిడ అక్కడ నిశ్శబ్దంగా ఏడుస్తోంది. రెండేళ్ల అలసట అది. నాకన్నా ఆవిడకే ఆ చోటు ఎక్కువ అవసరమని అప్పుడు తెలిసింది. పిలవలేదు. వెళ్లి పక్కన కూర్చున్నాను.

మాత్రలు మానలేదు, మానకూడదు కూడా. నిద్ర మాత్రం పడుతోంది. గది లేనివారు బీరువా పక్కన చాపెడు చోటు చూసుకోండి. ఇంట్లో అందరికన్నా ఎక్కువ అలసినవారిని ముందుగా అక్కడ కూర్చోబెట్టండి.