పత్తిచేల పక్కన చిన్న పిట్టలు

ఆదోని మార్కెట్ యార్డుకు పత్తి ట్రాక్టర్లు వచ్చే దారంతా కంపచెట్ల ముళ్లకు దూది అంటుకొని ఉంటుంది. ఫిబ్రవరి మొదటి వారం. చివరి తీతల పత్తి ఇంకా వస్తూనే ఉంది. ఆ దూదిని ముక్కుతో పీక్కుపోయే వేలెడంత పిట్టలు ఏవేవో దగ్గరుండి తెలుసుకోవాలని వచ్చాను. రమ్మన్నది ఎమ్మిగనూరు పక్క పల్లెలో సైన్సు చెప్పే మాస్టారు. ఆదివారాలు పిల్లల్ని వెంటేసుకొని చేల గట్ల మీద తిరగడం, చూసిన పిట్టలను నోటుబుక్కుల్లో ఎక్కించడం ఆయన అలవాటు.

"నెమలినీ కొంగనీ చెప్పడానికి నేను అక్కర్లేదు సార్. ఈ చిన్నవాటిని ఒకదాని నుంచి ఇంకొకదాన్ని విడదీయడం నేర్పితే చాలు" అన్నారు బస్సు దిగగానే.

పొద్దున్నే తుంగభద్ర దిగువ కాలువ గట్టెక్కాం. హొస్పేట డ్యాం నుంచి బళ్లారి మీదుగా వచ్చి ఈ పడమటి పల్లెల నల్లరేగళ్లకు నీళ్లిచ్చే కాలువ ఇది. నీటి అంచున జమ్ము, గట్టు మీద కంపచెట్లు, అవతల పత్తి, ఆ పైన జొన్న. పొదలో ఏదో కదిలింది. మాస్టారు రంగు అడగలేదు. "ఏం చేస్తాంది?" అన్నారు.

"తోక నిక్కబెట్టి ఆడిస్తాంది సార్. పొద అడుగునే తిరుగుతాంది, పైకి రాలే" అంది ఏడో తరగతి పిల్ల.

ఆ జవాబుతో సగం పిట్టలు పక్కకు తప్పుకున్నాయి. తోక అలా నిక్కబెట్టేవి ఇక్కడ ముఖ్యంగా రెండు రకాలు: ఆకులు కుట్టే టైలర్‌ పిట్ట, జిట్టలు. కాసేపటికి అది కొమ్మ మీదికొచ్చింది. నుదుటి మీద తుప్పురంగు, వీపు పసిరిక పచ్చ, కింద తెలుపు. టైలర్ పిట్ట. ఆ ఒంటికి ఆ గొంతు ఎక్కడిదా అనిపించేంత గట్టిగా, ఆగకుండా ఒకే మాట పలికింది.

బూడిద జిట్ట వీపు పలక రంగు, కడుపు లేత ఇటుక రంగు, కన్ను ఎరుపు. పొద నుంచి పొదకు ఎగిరేటప్పుడు దాని దగ్గర టిక్ టిక్‌మని చప్పుడు వస్తుంది. పిల్లలు దాన్ని చూడకముందే ఆ చప్పుడుతో పట్టేశారు. జమ్ములో ఉన్నది ఇంకో జిట్ట. ఒళ్లంతా మట్టిరంగు, కంటి మీద పాలిపోయిన గీత, పొడవాటి తోక. ఇంగ్లీషు పుస్తకాల్లో ప్లెయిన్ ప్రీనియా. దీనికి దగ్గరి చుట్టం జంగిల్ ప్రీనియాకు ఒళ్లు కాస్త పెద్దది, ముక్కు కాస్త మందం. పక్కపక్కన నిలబెడితే తప్ప ఆ తేడా తెలియదు, అవేమో పక్కపక్కన నిలబడవు. అయితే వాటి ఇళ్లు వేరు. ఒకటి నీళ్లపక్క గడ్డిలో, చేలల్లో ఉంటుంది. రెండోది ఆదోని రణమండల కొండ లాంటి రాళ్లూ తుప్పలూ ఉన్న చోటు వెతుక్కుంటుంది. ఎక్కడ చూశామో రాయకుండా పిట్ట పేరు మాత్రమే రాస్తే మాస్టారు ఒప్పుకోకపోవడానికి కారణం ఇదే. నాకు ఆ పట్టుదల చాలా నచ్చింది. పుస్తకంలో బొమ్మ తెల్లకాగితం మీద ఉంటుంది, చెట్టూ చేనూ ఉండవు. కొత్తగా నేర్చుకునేవాళ్లు అందుకే రంగు ఒక్కదాన్నే పట్టుకొని వేలాడతారు. ఎండెక్కాక ఈ నల్లనేల మీద రంగులను నమ్మడానికి లేదు.

జిట్ట అనే పేరు పుస్తకాలకెక్కి నూటయాభై ఏళ్లు దాటింది. నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేసిన జెర్డన్ 1862–64లో భారతదేశపు పక్షుల మీద అచ్చువేసిన సంపుటాల్లో పిట్టల తెలుగు పేర్లనూ రాసిపెట్టాడు. ఆ పేర్లు ఆయనకు చెప్పిన మనుషులు ఈ చిన్నవాటిని విడివిడిగా చూసినవాళ్లే అయి ఉండాలి.

గట్టు చివర కంపలోంచి చెక్, చెక్ అని వినిపించింది. ఎంతసేపు చూసినా ముళ్ల మధ్య ఒక గోధుమరంగు కదలిక తప్ప ఏమీ లేదు. తోక నిక్కబెట్టదు, ఒంటి మీద గీతా మచ్చా లేవు. బ్లైత్స్ రీడ్ వార్బ్లర్. బరువు 12 గ్రాములకు అటూ ఇటూ. బాల్టిక్ ప్రాంతం నుంచి మధ్య ఆసియా దాకా ఎక్కడో గుడ్లు పెట్టి, పిల్లలకు రెక్కలొచ్చాక శీతాకాలానికి ఇక్కడి కంపల్లోకి వస్తుంది. ఏప్రిల్, మే వచ్చేసరికి వెళ్లిపోతుంది. మే నెలాఖరులో గోధుమరంగు పిట్ట కనబడితే అది ఇది కాకపోవచ్చని పిల్లలకు తెలుసు. క్యాలెండరు కూడా ఒక గుర్తే.

జొన్నచేను దగ్గర ఎక్కువసేపు ఆగలేదు. కంకుల మీద జీనువాయిల గుంపు. లేత గోధుమరంగు ఒళ్లు, నల్లటి మొనతోక, వెండిలా మెరిసే మందపు ముక్కు ఉన్నవి సిల్వర్‌బిల్ జీనువాయిలు, ఈ మెట్ట సీమకు సరిగ్గా సరిపోయినవి. రొమ్మున పొలుసులు ఉన్నవి ఇంకో రకం. వాటి పిల్లలకు పొలుసులు ఇంకా రావు కనుక ఉత్త గోధుమరంగులో ఉండి మొదటివాటిలో కలిసిపోతాయి, అప్పుడు ముక్కూ తోకా చూడాలి. గిజిగాడు కూడా ఈ నెలల్లో పసుపు టోపీ తీసేసి ఆడ పిచ్చుకలా తిరుగుతుంది. వీపు మీది గీతలూ కురచ తోకా దాన్ని పట్టిస్తాయి. కాపలా ఉన్న రైతుకు మాత్రం అన్నీ కంకి కొట్టేవే, డబ్బా వాయించి తోలాడు. ఆయన గింజ ఆయనకు ముఖ్యం, తప్పుపట్టలేం.

మధ్యాహ్నానికి ఎమ్మిగనూరు చేరాం. మాచాని సోమప్ప 1938లో నేతగాళ్ల సహకార సంఘం పెట్టిన ఊరు ఇది. ఒక అవ్వ ఇంట్లో గుంట మగ్గం ఇంకా నడుస్తోంది. పెరట్లో మందారం, కరివేపాకు, బాదం, మూలన వేపచెట్టు. మందారం మీద తేనెపిట్టలు. మగదైతే ఇబ్బంది లేదు: ఒళ్లంతా నీలినలుపైతే పర్పుల్, ముదురు ఎరుపు వీపూ పసుపు కడుపూ అయితే పర్పుల్‌రంప్డ్. ఆడవాటి దగ్గరే చిక్కు. గొంతు తెల్లగా, కింద పసుపుగా ఉంటే పర్పుల్‌రంప్డ్. గొంతు నుంచి కడుపు దాకా ఒకే లేత పసుపైతే పర్పుల్. అప్పుడే ఒకటి వాలింది. ఆడదానిలాగే ఉంది గానీ గొంతు నుంచి రొమ్ము దాకా నల్లటి పట్టీ. అది మగదే. గుడ్లకాలం అయ్యాక మెరుపు ఈకలు రాల్చేసుకుని, మళ్లీ ఇప్పుడిప్పుడే తొడుక్కుంటోంది.

వేపచెట్టు మీద వీటికంటే చిన్నది ఇంకొకటి ఉంది. బొటనవేలంత ఒళ్లు, పొట్టి తోక, లేత గులాబి ముక్కు. తేనెపిట్ట ముక్కు పొడవుగా వంకీ తిరుగుతుంది, దీనిది కురచ. పేల్‌బిల్డ్ ఫ్లవర్‌పెకర్. వేపకొమ్మ మీద పెరిగిన బదనిక పండ్ల కోసం వచ్చింది. పండు తిని జిగురు గింజను మరో కొమ్మకు రాసిపోతుంది, అక్కడ బదనిక మొలుస్తుంది. బదనిక చెట్టు సారం పీలుస్తుందని జనం నరికేస్తారు. ఆ కోత పూర్తిగా తప్పనూ లేను. కానీ ఊళ్లో ఉన్న బదనికనంతా నరికితే ఈ పిట్ట ఏం తింటుంది? అవ్వ ఒక్క కొమ్మ వదిలేసింది, మాస్టారు అడిగారని.

లోపలికి వెళ్లి ఆమె ఎండిన బాదం ఆకు ఒకటి తెచ్చింది. పోయిన వానాకాలం టైలర్ పిట్ట కుట్టిన గూడు. ఆకు అంచులకు ముక్కుతో బెజ్జాలు పొడిచి, దూదిపోగులు దూర్చి దగ్గరికి లాగింది. బెజ్జాలు ఎంత సన్నవంటే వాటి చుట్టూ ఆకు చిరగలేదు. లోపల మెత్తగా దూది. కుట్లలో ఒకచోట ఎర్ర నూలుపోగు కూడా ఉంది, మగ్గం కిందిదే.

"ముడెయ్యలే నాయనా. ఒక్కో కుట్టుకు ఒక్కో పోగు. బయటికొచ్చిన కొస ఉబ్బి, బెజ్జంలో బిగుసుకున్యాది. ఒకటి తెగినా తక్కినవి ఊడవు" అంది అవ్వ. పక్షిశాస్త్రం పుస్తకాలు చెప్పేదీ అదే. ఏ పుస్తకమూ చూడకుండా నేతగత్తె కన్ను పట్టేసింది. నా పర్యటనలో నేను విన్న గొప్ప పరిశీలన అది.

వస్తూ దారిలో రోళ్లపాడు మాట వచ్చింది. బట్టమేక కోసం 1988లో అభయారణ్యం చేసిన చోటు. అక్కడ ఇప్పుడు ఆ పిట్ట దాదాపు కనుమరుగైంది. మీటరు ఎత్తు పక్షి కాబట్టి దాని లోటు దేశమంతా తెలిసింది. మట్టిరంగు జిట్ట ఒక ఊరి చేల నుంచి పోతే ఎవరు చెబుతారు? ఉన్నప్పుడు దాన్ని వేరుగా చూసినవాళ్లే చెప్పగలరు. ఈ పిల్లల నోటుబుక్కులను నేను అందుకే ఇంత గట్టిగా నమ్ముతున్నాను.

ఫిబ్రవరి నడిమిలో నాలుగు రోజులు ప్రపంచమంతా పెరటి పిట్టల లెక్క జరుగుతుంది. 1998లో అమెరికాలో మొదలైంది. ఈసారి ఈ బడి పిల్లలూ బడి ఆవరణలో నిలబడి లెక్కించి, జాబితాను ఈబర్డ్ వెబ్‌సైట్‌లో పెడతారు. వాళ్ల పుస్తకంలో ఒక పిట్ట ఇంకా తేలలేదు. తుమ్మచెట్టులో తిరిగే లేత మట్టిరంగు వలస పిట్ట బూటెడా, సైక్స్ వార్బ్లరా అన్నది చేతిలో పట్టుకున్నా కష్టమే. ఈబర్డ్‌లో ఈ రెంటినీ కలిపి ఒకే పద్దుగా రాసే వీలుంది. మాస్టారు అలాగే రాయించారు. మార్చిలో, అవి వెళ్లేలోపు, ఫోనులో గొంతు రికార్డు చేయడానికి మళ్లీ ఆ తుమ్మ దగ్గరికే వెళ్తామన్నారు. నేనూ వస్తానన్నాను.