హయా, చికిత్స

హయా విశ్వాసంలో ఒక భాగమని దైవప్రవక్త (సఅసం) బోధించారు. రోగం వస్తే చికిత్స చేయించుకోమని ఆదేశించినది కూడా ఆయనే. సున్నపు బట్టీల ఊరైన మా పిడుగురాళ్లలో మలంలో రక్తం పడినా మొలలేనని సరిపెట్టుకొని, సిగ్గుతో వైద్యునికి చెప్పనివారు ఎందరో ఉన్నారు. యాభై దాటిన మాకు అదే లక్షణం కనిపించగా, వైద్యులు కొలనోస్కోపీ చేయించమన్నారు.

ముందురోజు పలుచని ద్రవాలే ఆహారం. విరేచనాల పొడి కలిపిన నీటిని సగం రాత్రి, సగం తెల్లవారుజామున త్రాగాము. ప్రేగు శుభ్రపడకపోతే చిన్న కణుతులు కంటికి చిక్కవు. విరేచనాలు ఆగిన వ్యవధిలో వుజూ చేసి నమాజు చేసుకున్నాము.

గుంటూరులో పరీక్ష వేళ దేహమంతా దుప్పటి కప్పి, అవసరమైన భాగమే తెరిచారు. షరీఅత్ అనుమతి కూడా అంతవరకే: అవసరం నిషేధాన్ని సడలిస్తుంది, అదీ అవసరమున్న మేరకే. స్త్రీలు వైద్యురాలిని కోరవచ్చు; లభించనప్పుడు పురుష వైద్యునికీ అనుమతి ఉన్నది. మత్తుమందు వల్ల మాకు నొప్పి తెలియలేదు. సుమారు 1.5 మీటర్ల పెద్దప్రేగును కెమెరా గొట్టంతో పరిశీలించి, కనిపించిన ఒక పాలిప్‌ను అప్పుడే తీసివేశారు. తెలివి వచ్చాక తిరిగి వుజూ చేసి జుహర్ నమాజు చేశాము.

అది క్యాన్సర్ కాదని తేలింది, అల్‌హమ్దులిల్లాహ్. ఇటువంటి పాలిప్‌లలో కొన్ని క్యాన్సర్‌గా మారుతాయి. అందుకు సాధారణంగా 10 ఏళ్లు పడుతుంది. అల్లాహ్ ఇచ్చిన ఆ గడువును సిగ్గుతో చేజార్చుకోరాదు. దేహం మనవద్ద ఆయన ఉంచిన అమానతు. రక్తం కనిపించినవారు ఈ వారమే వైద్యుని కలవాలని మా మనవి.