టేపు పట్టుకుని రోడ్డు కొలిచాం



పోయిన వానాకాలం మా కాలనీలో పన్నెండు ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి. రేషన్ బియ్యం, పుస్తకాలు అన్నీ తడిశాయి. గ్రామసభలో అడిగితే "మీ యానాదుల ఇళ్ళే పల్లంలో ఉన్నాయి, మేమేం చేస్తాం" అన్నారు. మా తాతల కాలం నుంచీ అది పల్లమే. అప్పుడు రాని నీళ్ళు ఇప్పుడెందుకు వస్తున్నాయి?

సంక్రాంతి సెలవులకి హాస్టళ్ళ నుంచి వచ్చినప్పుడు మేం ఐదుగురం తాపీమేస్త్రిని టేపు అడిగి తెచ్చుకున్నాం. ఊరి పైభాగం నుంచి కొలుచుకుంటూ దిగాం. ఉపాధి హామీ సామగ్రి వాటాతో వేసిన సిమెంటు రోడ్డు 200 మీటర్ల పొడుగు, 4 మీటర్ల వెడల్పు. అంటే 800 చదరపు మీటర్లు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. ఈ ఒక్క లెక్క గుర్తుంటే చాలు. 50 మిల్లీమీటర్ల వానకి ఆ రోడ్డు మీదే 40,000 లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది. సిమెంటు తాగేది చాలా తక్కువ, రోడ్డు వాలేమో మావైపే. మిరపకాయలు ఆరబోసే సిమెంటు కళ్ళాలు, డాబాలు కూడా రాయబోతే కాగితం చాల్లేదు.

"రోడ్డు తీసి బ్లాకులు వేయమందాం, సందుల్లోంచి ఇంకుతాయి" అన్నాడు పాలిటెక్నిక్ చదివే తమ్ముడు. మాకూ నచ్చింది. ఊళ్ళో ఒకచోట బ్లాకులు పరిచి ఉంటే బిందెడు నీళ్ళు పోసి చూశాం. అలాగే నిలబడ్డాయి. సందులన్నీ సిమెంటుతో పూడ్చేశారు!

పూడ్చకపోయినా కింద ఉన్నది నల్లరేగడి. ప్రత్తిపాడు నుంచి పర్చూరు దాకా పత్తిలో కూలికెళ్ళిన వాళ్ళకి దీని సంగతి చెప్పాలా? ఎండల్లో కాలు దిగేంత నెర్రెలు. తొలివానని గటగటా తాగేసి, ఆ తర్వాత ఉబ్బి మూసుకుంటుంది. ఇసక నేలలో పనికొచ్చే బ్లాకులు ఇక్కడ అలా పనిచేయవు. కింద మందంగా కంకర పొర ఉండాలి, దాని అడుగున నీళ్ళు బయటికెళ్ళే గొట్టం ఉండాలి.

అందుకే అర్జీలో బ్లాకులు అడగలేదు. రోడ్డు పక్కన కాలువ, వాగుదాకా తూము అడిగాం. బడి ఆవరణలో ఇంకా మట్టిగా మిగిలిన సగాన్ని సిమెంటు చేయొద్దన్నాం. ఇది రాసేటప్పుడు మా అమ్మలు ఒప్పుకోలేదు. బురదా తేళ్ళూ లేకుండా తమ వాకిలికీ సిమెంటు కావాలంటారు. వాళ్ళది తప్పనలేం.

అర్జీ సచివాలయంలో ఇచ్చి రసీదు తీసుకున్నాం. తర్వాత ఇంజినీరింగ్ అసిస్టెంటు గారు వచ్చి తన టేపుతో మళ్ళీ కొలిచారు. ఆయనకి వెడల్పు 4.1 మీటర్లు వచ్చింది. తూముకి అంచనా రాస్తానన్నారు. ఈ వానలకి ముందే వేస్తారో లేదో చూడాలి. మా కొలతల కాగితం ఎవరికైనా కావాలంటే అడగండి, పంపిస్తాం.