వినడం కూడా ప్రార్థనే

క్రైస్తవ ప్రార్థన విన్నపాలతో ముగిసిపోదు. దేవుడు చెప్పేది వినడం కూడా అందులో భాగమే. సమూయేలు మొదటి గ్రంథం 3వ అధ్యాయం దీనికి చక్కని ఉదాహరణ. షిలోహు మందిరంలో పడుకున్న బాలుడు సమూయేలును దేవుడు పిలిస్తే, మొదటి మూడుసార్లూ అతను యాజకుడైన ఏలీ దగ్గరికే పరుగెత్తాడు. ఆ పిలుపు ఎవరిదో గ్రహించింది, ఎలా బదులివ్వాలో నేర్పింది చూపు మందగించిన ఏలీయే. నడిపింపు కోసం కనిపెట్టే విశ్వాసికి పెద్దల తోడు ఎంత అవసరమో! పైగా సమూయేలు విన్నది ఊరటనిచ్చే మాట కాదు, ఏలీ ఇంటిమీద తీర్పు. మనసుకు నచ్చిన ప్రతి తలంపూ దేవుని స్వరం కాదు గనుక దాన్ని లేఖనంతో సరిచూసుకోవాలి. 1938లో ముంగమూరి దేవదాసు స్థాపించిన బైబిలు మిషనులో ఇలా వినడానికి దేవుని సన్నిధిలో మౌనంగా కనిపెట్టడం ముఖ్యమైన సాధన.