పని తెలిసిన మంత్రి

చెరకు డబ్బు వేళకి చేతికి రాని ఏడాది చోడవరం టీ బడ్డీల దగ్గర ఒక కోరిక గట్టిగా వినిపిస్తుంది. "ఈలంతా ఎందుకు బాబూ, పని తెలిసినోడ్ని మంత్రిగా కూకోబెట్టొచ్చు గదా!" అని. ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోలేను. గోవాడ సహకార చక్కెర ఫ్యాక్టరీని నమ్ముకుని తోటలు వేసిన ఊళ్లు ఇవి. తోట నరికాక ఆలస్యమయ్యేకొద్దీ గడ బరువూ, అందులో పంచదారా తగ్గిపోతాయని ఇక్కడ బడికెళ్లే పిల్లలకైనా తెలుసు. అంత చిన్న సంగతిని కూడా పైవాళ్లకు విడమరచి చెప్పుకోవాల్సి రావడమే రైతు బాధ.

దారి లేదా అంటే, ఉంది. ఏ సభలోనూ లేని వ్యక్తిని కూడా రాష్ట్ర మంత్రిగా తీసుకోవచ్చు. ఆరు నెలల్లో సభ్యుడు కాకపోతే పదవి పోతుందని రాజ్యాంగం 164వ అధికరణం చెబుతోంది. సభ్యుడు కాకుండానే మళ్లీ ఇంకో ఆరు నెలలకు ప్రమాణం చేయించడం చెల్లదని 2001లో సుప్రీంకోర్టు తేల్చేసింది. సభ్యుడు కావడానికి మండలి ఒక దారి. మన శాసనమండలిలోని 58 స్థానాల్లో 8 గవర్నరు నామినేట్ చేసేవి. సాహిత్యం, శాస్త్రం, కళలు, సంఘసేవలతో పాటు సహకార ఉద్యమంలో అనుభవం ఉన్నవాళ్లకూ అవి ఉద్దేశించినవే. సహకారం పేరు అక్కడ కనబడ్డప్పుడల్లా నాకు మన చెరకు రైతులే గుర్తొస్తారు.

1991 జూన్‌లో కేంద్రంలో ప్రధాని పి.వి. నరసింహారావు చేసింది ఇలాంటి పనే. విదేశీ మారకం అడుగంటిన రోజుల్లో, ఏ సభలోనూ లేని మన్మోహన్ సింగ్‌ను ఆర్థిక మంత్రిని చేశారు. అక్టోబరుకల్లా ఆయన అస్సాం నుంచి రాజ్యసభకు వచ్చారు. లెక్క ఆర్థికవేత్తది, దాన్ని పార్టీలోనూ పార్లమెంటులోనూ కాచుకున్న భుజం పి.వి.ది. ఆ భుజం లేకపోతే ఎంతటి నిపుణుడైనా ఫైలు పట్టుకుని నిలబడిపోవలసిందే.

కానీ నా మనసు ఎక్కువగా డాక్టర్ కె.ఎల్. రావు వైపు మొగ్గుతుంది. కంకిపాడులో పుట్టిన ఇంజనీరు, నదుల మీదే బతికిన మనిషి. ఆయన ముందు పదవి తీసుకుని తర్వాత సభకు రాలేదు. విజయవాడ వెళ్లి ఓటు అడిగారు. 1962, 1967, 1971లలో మూడుసార్లు లోక్‌సభకు గెలిచి, దాదాపు పదేళ్లు కేంద్రంలో నీటిపారుదల చూశారు. తన ఆత్మకథకు ఆయన పెట్టుకున్న పేరు 'ది క్యూసెక్స్ క్యాండిడేట్'. నీళ్ల లెక్కతోనే జనం ముందుకు వెళ్లిన ధైర్యం ఆ పేరులో ఉంది. పులిచింతల జలాశయానికి ఆయన పేరే పెట్టారు.

నిపుణుడికీ పొరపాటు జరుగుతుంది. కాగితం మీద సరైన లెక్క ఒక ఊరిని ముంచవచ్చు, ఒక కాలవను ఎండబెట్టవచ్చు. అప్పుడు నిలదీయడానికి అతను మన గుమ్మంలోకి రావాలి గదా? ఓటు అడిగినవాడికి ఆ రాక తప్పదు. అందుకే చదువు, అనుభవం ఉన్నవాళ్లు దొడ్డిదారిన కాక వీధిదారిన రావాలని నా కోరిక.

అనకాపల్లి పరిశోధన కేంద్రంలో చెరకు రకాలు తీర్చిదిద్దిన శాస్త్రవేత్తలు, ఆనకట్టలు కాపాడిన ఇంజనీర్లు మన మధ్యే ఉన్నారు. పార్టీలు అటువంటివారికి టికెట్టు ఇవ్వాలి. ఇచ్చిననాడు కులమెంత, ఖర్చెంత అని అడగకుండా మనం ఓటెయ్యాలి.