నులిపురుగులూ – వేపమందూ

నులిపురుగులనగానే మనకు పిల్లల కడుపునొప్పే గుర్తుకొస్తుంది. మొక్కలకూ ఆ బెడద ఉన్నదని కాలిఫోర్నియాలో పెరటిసేద్యం మొదలుపెట్టాక మాకు తెలిసింది. నీళ్ళు పోస్తున్నా వంగమొక్క మధ్యాహ్నానికి వడలిపోతుంటే పీకి చూడండి. వేళ్ళనిండా బుడిపెలుంటే అది నులిపురుగు పనే. వంగ, బెండ, టమాటా అంటే దానికి మహా ప్రీతి.

డాక్టర్లం కనుక మా దృష్టి పురుగుకన్నా మందుమీదికే పోయింది. ఒకప్పుడు దీనికి డి.బి.సి.పి. అనే రసాయనం వాడేవారు. మేముండే శాన్ వాకీన్ లోయలోనే, 1977లో, దాన్ని తయారుచేసే ఫ్యాక్టరీ పనివాళ్ళు తమకు పిల్లలు పుట్టడంలేదని మాటల్లో గ్రహించి పరీక్ష చేయించుకున్నారు. కొందరిలో వీర్యకణాలు అసలే లేవు. 1979లో, హవాయి అనాసతోటల్లో తప్ప, దేశమంతటా దాన్ని నిషేధించారు.

మరి మన పెద్దల పద్ధతులో? వాటిలో నిజముంది. వేపపిండిలోని అజాడిరాక్టిన్ వంటి చేదు పదార్థాలు పురుగును అదుపుచేస్తాయి. ఆవకాయ కలిపేటప్పుడు ముక్కుకెక్కే ఆవఘాటు మట్టిలో పుడితే పురుగుకు ప్రాణాంతకం. బంతివేళ్ళలో ఆల్ఫా టెర్తియెనిల్ అనే విషముంది. అయితే టమాటాల నడుమ నాలుగు బంతిమొక్కలు నాటితే చాలదు. మడంతా ఒత్తుగా వేసి, రెండు మూడు నెలలు పెంచి, తరువాత కూరలు వేయాలి. పోయిన వేసవిలో మేమొక మడి పూర్తిగా బంతికే వదిలాం. కూరలు తగ్గినా బతుకమ్మకు పూల కొదవ లేకపోయింది. ఇవేవీ పురుగును సమూలంగా తుడిచిపెట్టవు. పంట చేతికొచ్చేటంతగా తగ్గిస్తాయి.

అయితే ఒక్క మనవి. చెట్టునుంచి వచ్చింది కనుక హాని చేయదనుకోకండి. విషం కనుకనే పురుగు చస్తోంది. ఇంటివైద్యంగా వేపనూనె తాగించిన పసిపిల్లలకు వాంతులు, మగత, ఫిట్స్ వచ్చి, కాలేయమూ మెదడూ దెబ్బతిన్న సంగతి 1981లో మలేషియా డాక్టర్లు ప్రచురించారు. అమ్మమ్మలు ప్రేమతో పంపిన వేపనూనె సీసా మనలో చాలామంది ఇళ్ళలో ఉంటుంది. దాన్ని పిల్లలకందని చోట పెట్టండి. ఒక్క చుక్కయినా తాగించకండి. పిల్లల నులిపురుగులకు డాక్టరు చెప్పిన మందు, రెండు వారాల ఎడంతో రెండుసార్లు వేస్తే సాధారణంగా సరిపోతుంది. వేపపిండి మాత్రం వంగమడికి ధారాళంగా వేసుకోవచ్చు.